మంచు పడని చోట ఏ-ఫ్రేమ్ ఇల్లు: వరంగల్ ఎండకూ వానకూ నిలిచేలా కట్టుకునే పద్ధతి

ప్రతి నెలా ఎవరో ఒకరు నా టేబుల్ ముందు కూర్చుని, ఫోన్ తీసి ఇంచుమించు ఒకే ఫొటో చూపిస్తారు. పైన్ చెట్లు, నేల మీంచి నేరుగా పైకి లేచి కొసన కలిసిన రెండు వాలు కప్పులు, ముందువైపు పైనుంచి కింది దాకా గాజు. "సార్, పాకాల దిక్కు రెండెకరాలుంది. మాకు ఇట్లాంటి ఇల్లే కావాలె" అంటారు. హనుమకొండలో చిన్న ఇళ్లు, ఫామ్‌హౌస్‌ల డిజైన్ చూసే సివిల్ ఇంజనీర్‌ని నేను. ఆ ఫొటో అంటే నాకూ ఇష్టమే. ఆ ఇష్టంతోనే మొదటిసారి నర్సంపేట వైపు, ఇంగ్లిష్ A అక్షరంలా ఉండే ఒక ఏ-ఫ్రేమ్‌ను ఫొటోలో ఉన్నట్టే కట్టించాను. చెరువు పడమర ఉందని గాజు పడమరకే పెట్టాం. కప్పుకు ఒంటి రేకు, లోపల పలచని ప్లైవుడ్. ఏప్రిల్ వచ్చేసరికి పొద్దున పదకొండు నుంచి రాత్రి తొమ్మిది దాకా పైన ఎవరూ ఉండలేకపోయారు. ఇంటి పెద్దాయన చింతచెట్టు కింద మంచం వేసుకుని, "ఇంట్ల కంటె ఇక్కడనే సల్లగుంది బిడ్డా" అన్నాడు. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. రెండో ఏడాది కప్పు మొత్తం విప్పి మళ్లీ వేశాం. ఇక్కడ చెప్పేదంతా ఆ విప్పడంలోనూ, ఆ తర్వాత కట్టిన ఇళ్లలోనూ నేర్చుకున్నది.

ఈ ఆకారం మంచు పడే ప్రాంతాలది. వాలు ఎక్కువగా ఉంటే మంచు నిలవకుండా జారిపోతుంది, కప్పు మీద బరువు పడదు. జపాన్‌లోని షిరకవాగో పల్లెల్లో గడ్డి కప్పుల ఇళ్లు దాదాపు 60 డిగ్రీల వాలుతో ఉంటాయి. వాటిని గస్షో శైలి అంటారు, చేతులు జోడించి మొక్కినట్టు ఉండేది అని అర్థం. అమెరికాలో రుడాల్ఫ్ షిండ్లర్ 1930లలో కాలిఫోర్నియా కొండల్లో ఒక ఏ-ఫ్రేమ్ ఇల్లు కట్టాడు. 1950ల నుంచి రెండు దశాబ్దాల పాటు అక్కడ సెలవుల ఇల్లంటే ఇదే అన్నంతగా వ్యాపించింది. ఇప్పుడు మళ్లీ ఫోన్లలోకి వచ్చింది.

మన దగ్గర మంచు లేదు. మరి ఆ వాలు మనకెందుకు? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా నాకు చేనుకాడి గుడిసె గుర్తొస్తుంది. రెండు వైపులా గడ్డి కప్పు నేలను తాకేలా దిగే ఆ కావలి గుడిసె కూడా ఏ-ఫ్రేమే. మే నెలలో దాంట్లో కూర్చోవచ్చు. ఎందుకంటే గడ్డి జానెడు మందం ఉంటుంది, వేడిని పట్టి లోపలికి ఇవ్వదు. కొప్పు దగ్గర, అంటే రెండు వాలులు కలిసే పైకొసన, సందుల్లోంచి వేడిగాలి బయటికి పోతుంది. ఆకారం మనకు కొత్త కాదు, దాని మీద పలచని రేకు వేయడమే కొత్త. కాబట్టి ఈ ఇంటి పని మొత్తాన్ని ఒక్క లక్ష్యంతో చేయాలి: కొత్త కప్పు కూడా ఆ గడ్డిలాగే మందంగా ఉండాలి, గాలి పీల్చాలి. డబ్బులో, శ్రద్ధలో పెద్ద వాటా కప్పుకే పోవాలి.

1. ముందు కాగితాలు

చాలామందికి కలలోకి వచ్చే చోట్లు లక్నవరం, తాడ్వాయి, బొగత వైపు. కొనేముందు ఒక సంగతి తెలుసుకోండి. తాడ్వాయి, ఏటూరునాగారం లాంటి ఏజెన్సీ మండలాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. "సాదా కాగితం మీద రాసుకుందాం, ఏం కాదు" అనే మాట నమ్మి ఇల్లు కట్టుకోవద్దు. ఆ భూమి అక్కడి గిరిజనులది, చట్టం వాళ్ల కోసమే ఉంది.

మైదాన ప్రాంతంలో వ్యవసాయ భూమైతే నాలా కన్వర్షన్ (భూమిని వ్యవసాయేతర వాడకానికి మార్చడం) చేయించుకోవాలి. ఆ తర్వాత గ్రామ పంచాయతీ అనుమతి, మున్సిపాలిటీ పరిధిలోనైతే ఆన్‌లైన్ అనుమతి. చెరువు పక్కన అయితే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు ఎక్కడుందో ఇరిగేషన్ వాళ్ల మ్యాప్‌లో చూడాలి. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలమంటాయి. ఎండాకాలంలో నీళ్లు దూరంగా కనిపిస్తాయి కాబట్టి కంటితో కొలవకండి.

2. దిక్కు కుదుర్చుకోవడం

మామూలు ఇంట్లో తప్పు దిక్కును కొంతవరకు సర్దుకోవచ్చు. ఏ-ఫ్రేమ్‌లో కుదరదు, ఎందుకంటే దీనికి ఉన్నవి రెండే రకాల ముఖాలు: వాలు కప్పులు రెండు, త్రిభుజం గోడలు రెండు. కొప్పు ఉత్తర దక్షిణాలుగా పోతే వాలులు తూర్పు పడమరలకు తిరుగుతాయి, గాజును ఉత్తరానికి పెట్టుకోవచ్చు. కొప్పు తూర్పు పడమరలుగా పోతే గాజు పొద్దుటి ఎండకో సాయంత్రపు ఎండకో ఎదురుగా నిలబడుతుంది.

వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే నెల మధ్యలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఆ సమయంలో ఏటవాలు కప్పు మీద ఎండ ఏటవాలుగా పడుతుంది, అది మంచిదే. కానీ సాయంత్రం 4 గంటలప్పుడు పడమటి వాలు మీద కిరణం దాదాపు నిలువుగా గుచ్చుకుంటుంది. పొద్దున 8 గంటలకు తూర్పు వాలుకూ అంతే. అంటే ఏ దిక్కు ఎంచుకున్నా ఎక్కడో ఒకచోట దెబ్బ తినక తప్పదు.

ఆ దెబ్బ కప్పు తినాలి, గాజు తినకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. కప్పుకు నాలుగు అంగుళాల రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి నార పొర) పెట్టుకోవచ్చు, గాలి సందు వదలొచ్చు, తెల్లరంగు వేయొచ్చు. గాజుకు ఏం పెట్టినా పడమటి ఎండ లోపలికి వచ్చాక బయటికి పోదు. అందుకే పెద్ద గాజు ఉత్తరానికి, కొప్పు ఉత్తర దక్షిణాలుగా. మే నుంచి జులై దాకా సూర్యుడు కొంచెం ఉత్తరానికి జరిగి ఉదయిస్తాడు కాబట్టి ఉత్తరపు గాజు మీద కూడా పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ పడుతుంది. దానికి కప్పును గాజు కంటే 5 అడుగులు ముందుకు పొడిగిస్తే చాలు, వరండా కూడా అవుతుంది.

చెరువు పడమర ఉంటే? చెరువును వరండాలో కూర్చుని చూడండి. పడమటి వాలులో ఒక చిన్న డార్మర్ కిటికీ (కప్పులోంచి బయటికి పొడుచుకొచ్చే నిలువు కిటికీ) పెట్టి, దాని మీద చూరు ముందుకు తీసినా అందంగానే ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లు వాస్తు అడుగుతారు, అడగాలి కూడా, ఉండేది వాళ్లే కదా. ఈ దిక్కుతో అది సులువుగానే కుదురుతుంది. ఉత్తర ద్వారం, ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పడకగది. బాత్రూమ్, స్టోర్ పడమటి వాలు వెంట పెడితే అవే ఎండకు అడ్డుగా కూడా పనిచేస్తాయి. సిద్ధాంతి గారికి ప్లాన్ ముందే చూపించండి. పునాది తీశాక మార్పులంటే టెన్షన్, ఖర్చు రెండూ.

3. కొలతలు: నిలబడే చోటు ఎంత?

కాంట్రాక్టర్ చదరపు అడుగుకు ఇంత అని రేటు చెబుతాడు. ఈ ఇంట్లో ఆ లెక్క మోసం చేస్తుంది. 20 అడుగుల వెడల్పు, 28 అడుగుల పొడవు, 60 డిగ్రీల వాలు అనుకుందాం. నేల 560 చదరపు అడుగులు. వాలు పొడవు ఒక్కోవైపు 20 అడుగులు, అంటే కప్పు 1,120 చదరపు అడుగులు. కప్పు నేలకు సరిగ్గా రెట్టింపు. ఇక ఆరడుగుల మనిషి తల తగలకుండా నిలబడాలంటే ఒక్కోవైపు దాదాపు మూడున్నర అడుగులు వదులుకోవాలి. 20 అడుగుల గదిలో నడిచేది 13 అడుగులే మిగులుతుంది. ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో లాఫ్ట్ (కప్పు కింద అటక లాంటి పై అంతస్తు) వేస్తే, దాంట్లో తలెత్తి నిలబడే చోటు మధ్యలో మూడడుగుల చిన్న బాట.

ఇప్పటి డిజైనర్లు దీనికి చేస్తున్న మంచి మార్పు పక్కల చిన్న గోడ లేపడం. మూడడుగుల నిలువు గోడ, దాని మీద 55 డిగ్రీల వాలు తీసుకోండి. మొత్తం ఎత్తు అప్పుడూ ఇప్పుడూ ఒకటే, 17 అడుగుల పైచిలుకు. కానీ నిలబడే వెడల్పు 13 నుంచి దాదాపు 16 అడుగులకు పెరుగుతుంది. 28 అడుగుల పొడవు మీద అది 75 చదరపు అడుగులు, అంటే ఒక చిన్న గది. లాఫ్ట్‌లో బాట కూడా నాలుగడుగులకు చేరువవుతుంది. కప్పు 1,120 నుంచి దాదాపు 975 చదరపు అడుగులకు తగ్గుతుంది. బయటి నుంచి చూస్తే ఇంగ్లిష్ A అక్షరం రూపం అలాగే ఉంటుంది.

నేలను తాకే కప్పు మన దగ్గర ఇంకో రకంగా కూడా మంచిది కాదు. వాన చిందులు, చెదలు, పాములు, కప్పు మీదికి ఎక్కే మేకలు. చిన్న గోడ వాటన్నిటికీ దూరం తెస్తుంది.

డబ్బు మాట్లాడేటప్పుడు నేల చదరపు అడుగులకు ఒక రేటు, కప్పు చదరపు అడుగులకు ఇంకో రేటు విడివిడిగా కాగితం మీద రాయించుకోండి.

4. మట్టి, పునాది

ఈ వైపు పొలాల్లో ఒక గట్టు ఇవతల ఎర్ర చెల్క, అవతల నల్లరేగడి ఉంటాయి. జేసీబీ పిలిచి ఇంటి నాలుగు మూలల దగ్గర 6 నుంచి 8 అడుగుల గుంతలు తీయించి కళ్లారా చూడండి.

చెల్క అయితే గట్టి మొరం తగిలేదాకా, మామూలుగా 4, 5 అడుగులు దిగి, ఒక్కో ఫ్రేమ్ కాలి కింద విడి ఫుటింగ్ (కాంక్రీటు పాదం) వేసి, పైన ప్లింత్ బీమ్‌తో (నేలమట్టం దగ్గరి కాంక్రీటు దూలంతో) అన్నిటినీ కట్టాలి. నల్లరేగడి అయితే జాగ్రత్త. అది వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి, పునాదిని ఏటా పైకీ కిందికీ ఆడిస్తుంది. ఏ-ఫ్రేమ్ తేలికైన ఇల్లు కాబట్టి బరువుతో అణిచిపెట్టలేదు, ఇంకా ఎక్కువ కదులుతుంది. పక్క కాళ్లు సమానంగా లేవకపోతే ముందు పగిలేది గాజు. అక్కడ అండర్-రీమ్డ్ పైల్స్ వేయండి. కింద ఉల్లిగడ్డలా ఉబ్బి ఉండే ఈ పైల్ మట్టి కదిలే పొరను దాటి దిగి గట్టి పొరను పట్టుకుంటుంది. ప్లింత్ బీమ్‌కూ మట్టికీ మధ్య కొన్ని అంగుళాలు ఖాళీ వదలాలి, ఉబ్బిన మట్టి బీమ్‌ను తన్నకుండా.

ఇక్కడ రామప్పను తలుచుకోకుండా ఉండలేను. 1213 నాటి ఆ గుడికి పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద కట్టారు. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. కింద కదలికను తట్టుకునే పునాది, పైన తక్కువ బరువు. మన పాలంపేటలోనే ఉన్న ఈ పాఠం చిన్న ఇంటికీ సరిపోతుంది.

నేలకు ఆనకుండా ఇంటిని రెండున్నర, మూడడుగుల ఎత్తులో నిలపండి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వారం మోరంచపల్లి ఊరు నీళ్లలో మునిగింది. అది చూసినవాళ్లెవరూ ప్లింత్ ఎత్తు దగ్గర బేరమాడరు. చెదల మందు పునాది గుంతల్లోనే కొట్టించాలి, తర్వాత కొట్టేది సగం పనే.

5. ఫ్రేమ్

టేకు ఇక్కడి చెట్టే కాబట్టి కర్రతో కడదామని చాలామంది అడుగుతారు. కర్ర నాకూ ఇష్టం. కానీ 18 అడుగుల పొడవున వంకర లేని, బాగా ఆరిన, కాగితాలు సరిగ్గా ఉన్న టేకు దూలాలు దొరకడం కష్టం, దొరికితే ధర ఎక్కువ. ఫ్రేమ్ స్టీలుతో చేసి, కర్రను లోపల లైనింగుకు, లాఫ్ట్ నేలకు వాడండి.

నేను ఎక్కువగా వాడేది 150 మిల్లీమీటర్ల ఐ-సెక్షన్ (ఇంగ్లిష్ I ఆకారపు స్టీలు దూలం), 7 అడుగులకు ఒక ఫ్రేమ్. 28 అడుగుల ఇంటికి ఐదు ఫ్రేములు. మీ స్థలానికి ఎంత కావాలో ఇంజనీర్ లెక్క కట్టి డ్రాయింగ్ ఇవ్వాలి, వెల్డర్ అంచనా మీద వదలకండి. ఆ లెక్కలో మూడు విషయాలు ఉన్నాయో లేదో మీరే అడగండి.

మొదటిది కాళ్లు బయటికి జారడం. రెండు వాసాలు ఒకదాని మీద ఒకటి వాలితే కింద కాళ్లు విడిపోవాలని చూస్తాయి. అచ్చమైన త్రిభుజంలో నేల బీమ్ ఆ రెండు కాళ్లనూ కట్టి ఉంచుతుంది. వాలు 60 డిగ్రీలుంటే ఈ తోపు చాలా తక్కువ, 30 డిగ్రీల కప్పులో దానికి మూడింతలు. కానీ మనం మూడడుగుల గోడ లేపాం కదా, అక్కడ త్రిభుజం తెగిపోయింది. కప్పు తోపు గోడ తల మీద పడుతుంది. ఆ గోడ ఉత్త ఇటుకదైతే బయటికి తోసుకుపోతుంది. అందుకే ఫ్రేమ్ కాలు పునాది నుంచి కొప్పు దాకా ఒకే స్టీలు, వంపు దగ్గర మందపాటి ప్లేటు పెట్టి పూర్తి వెల్డింగ్. ఇటుక మధ్యలో నింపడానికే. పక్క గోడల ఏ-ఫ్రేమ్‌లలో నేను చూసిన పగుళ్లు ఎక్కువగా ఈ వంపు దగ్గరే.

రెండోది గాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో ఒక్క సాయంత్రం దాదాపు 50 వేల చెట్లు వేళ్లతో సహా కూలాయి. ఏ-ఫ్రేమ్ కప్పు గాలికి తెరచాప లాంటిది. ఎదురు వాలును గాలి నెడుతుంది, వెనక వాలును పైకి పీకుతుంది. గాలి లెక్కలకు వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోమంటుంది, అంటే గంటకు 158 కిలోమీటర్లు. మీ ఊరికి అందులోని మ్యాప్ చూసి తీసుకోవాలి. ఒక్కో కాలికి నాలుగు 20 మిల్లీమీటర్ల బోల్టులు కాంక్రీటు పోసేటప్పుడే దిగాలి. తర్వాత రంధ్రం చేసి కొట్టే బోల్టులు ఇక్కడ వద్దు.

మూడోది పొడవు దిక్కున పడిపోవడం. ఐదు త్రిభుజాలు వరుసగా నిలబెట్టినప్పుడు ఒక్కోటి అడ్డంగా గట్టిదే, కానీ వరుస మొత్తం ముందుకో వెనక్కో పేకముక్కల్లా ఒరగగలదు. ముందు గాజు కాబట్టి అది ఆపదు. కప్పు వాలు తలంలో, కనీసం రెండు చివరల ఫ్రేముల మధ్య ఖాళీల్లో, ఎక్స్ ఆకారంలో రాడ్లు బిగించాలి. 2024 డిసెంబర్ 4న ములుగులో వచ్చిన 5.3 తీవ్రత భూకంపం ఈ రాడ్ల విలువ చెప్పింది. తేలికైన స్టీలు ఇల్లు భూకంపానికి మంచిదే, కానీ కట్టు సరిగ్గా ఉంటేనే.

ఫ్రేములు నిలబెట్టాక, కప్పు వేయకముందే రెండు చోట్ల ఎర్తింగ్ ఇవ్వండి. పొలం మధ్యలో ఎత్తైన స్టీలు ఇల్లు అది, మన దగ్గర పిడుగులు ఎన్ని ప్రాణాలు తీస్తున్నాయో తెలిసిందే.

6. కప్పు

ఇక్కడ తొందరపడొద్దు. బయటి నుంచి లోపలికి పొరలు ఇలా ఉండాలి.

అన్నిటికన్నా పైన తెలుపు, లేదా తెలుపుకు దగ్గర రంగు రేకు. ఫొటోల్లో నల్ల కప్పు ఉంటుంది, చల్లటి దేశాల్లో ఎండను పట్టుకోవడానికి అది పనికొస్తుంది. ఇక్కడ నల్ల కప్పు అడిగినవాళ్లను మే నెలలో ఎండలో ఉన్న నల్ల కారు బానెట్ మీద చేయి పెట్టి చూడమంటాను. పెంకులు అందంగానే ఉంటాయి, కానీ ఇంత నిటారు వాలు మీద ఒక్కో పెంకునూ మేకుతో బిగించాలి, అయినా కోతులు దూకితే పగులుతాయి. ఈ జిల్లాల్లో కోతులు లేని ఊరేది?

రేకు కింద రెండు అంగుళాల గాలి సందు. ఇదే మన గడ్డికప్పు రహస్యం. రేకు వేడెక్కితే ఆ సందులోని గాలి వేడెక్కి పైకి లేచి కొప్పు దగ్గర బయటికి పోవాలి, చూరు దగ్గర కొత్త గాలి లోపలికి రావాలి. అందుకే సందు చూరు నుంచి కొప్పు దాకా ఎక్కడా తెగకూడదు. అడ్డంగా పోయే పర్లిన్ల (ఫ్రేములను కలిపే దూలాల) మీద నిలువుగా చెక్క పట్టీలు బిగించి, వాటి మీద మళ్లీ అడ్డపట్టీలు, ఆ తర్వాత రేకు వేస్తే దారి ఏర్పడుతుంది. పనివాళ్లు "ఒక పట్టీ చాలు సార్" అంటారు. అడ్డపట్టీ ఒక్కటే వేస్తే గాలి ఒక్క అడుగు కూడా కదలదు. ఆ రోజు మీరు అక్కడే ఉండండి.

సందు కింద నీళ్లు ఆపి ఆవిరిని వదిలే షీటు. దాని కింద నాలుగు అంగుళాల రాక్‌వూల్, సందులు లేకుండా. పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య నురగ నింపిన పలక) వేస్తే పని త్వరగా అవుతుంది, వేడినీ బాగా ఆపుతుంది. కానీ లోపలి నురగ మంట పట్టే రకం, ఈ ఇంట్లో లాఫ్ట్‌లో పడుకునేవాళ్లు దిగే దారి ఒక్కటే. రాక్‌వూల్ కాలదు, పైగా రేకు మీద వాన చప్పుడు తగ్గిస్తుంది. వాన చప్పుడు ఇష్టమనేవాళ్లు కూడా రాత్రి రెండింటికి ఫోన్‌లో మాట వినపడకపోతే ఇష్టపడరు. చివరగా లోపల చెక్క, వెదురు బోర్డు, లేదా సిమెంట్ ఫైబర్ బోర్డు.

కొప్పు దగ్గర రిడ్జ్ వెంట్, అంటే గాలి బయటికి పోయే సందు. రెండు రకాల గాలి అక్కడ బయటికి పోవాలి: పొరల మధ్య గాలి, గది లోపలి గాలి. గది గాలికి త్రిభుజం గోడ కొసలో లూవర్లు (గాలి పోయేలా ఏటవాలుగా అమర్చిన పలకలు) పెట్టి, చలికాలంలో మూసుకునే తలుపు ఇవ్వండి. ఆదిలాబాద్ వైపు కట్టేవాళ్లకు ఆ తలుపు తప్పనిసరి, అక్కడ జనవరిలో గట్టి చలి. వేడిగాలి పైనుంచి పోవాలంటే కింద చల్లగాలి రావాలి కాబట్టి, ఉత్తరం వైపు నేలకు దగ్గరగా తెరుచుకునే కిటికీలు ఉండాలి. అన్ని సందులకూ సన్నని స్టీలు జాలి వేయండి, లేదంటే ఒక్క ఏడాదిలో గబ్బిలాలు, కందిరీగలు కాపురం పెడతాయి.

ఇంత చేసినా రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, లాఫ్ట్‌లో మధ్యాహ్నం నిద్ర పట్టదు. ఆ మాట ఇంటివాళ్లకు ముందే చెబుతాను. లాఫ్ట్ దసరా నుంచి హోళీ దాకా పడకగది, ఎండాకాలంలో రాత్రిపూట మాత్రమే. అసలు పడకగది కిందే ఉండాలి.

కప్పుకు తూట్లు ఎంత తక్కువైతే అంత మంచిది. వాలులో పడుకోబెట్టిన అద్దం కిటికీలు ఎండనూ వాననూ రెంటినీ పిలుస్తాయి, వాటి బదులు నిలువు కిటికీ ఉండే డార్మర్ ఒకటి చాలు. డార్మర్ కప్పు, పెద్ద కప్పు కలిసే లోయలో ఒకే ముక్క మెటల్ షీటు పరచాలి. సిలికాన్ పూసి సరిపెట్టిన లోయ రెండో వానాకాలానికి కారుతుంది.

7. గాజు

త్రిభుజం మొత్తం గాజుతో నింపాలన్న కోరికను కొంచెం తగ్గించుకోమని అడుగుతాను. టఫెన్డ్ గాజును గట్టిపరిచాక కోయలేరు. వాలు ముక్క ఒక్కటి పగిలినా అట్టముక్క మీద కొలత గీసి పంపి, తయారై వచ్చేదాకా ఆగాలి. మధ్యలో దీర్ఘచతురస్రాకారపు తలుపులు, కిటికీలు పెట్టి, పక్కల మిగిలే త్రిభుజాకారపు ముక్కలను చెక్కతోనో లూవర్లతోనో మూసేయండి. లోపల కూర్చున్నవాళ్లకు కనిపించే దృశ్యం ఏమీ తగ్గదు. రెండు పొరల గాజు, తెరుచుకునే ప్రతి చోటా దోమల మెష్. వరండా అంచున మేదరివాళ్లు అల్లిన వెదురు తడికలు వేలాడదీస్తే ఎండ తగ్గుతుంది, ఇంటికి ఊరి రూపం వస్తుంది.

8. లోపలి సర్దుబాటు

బీరువా వాలు గోడకు ఆనదు. ఇది చిన్న మాటలా ఉంటుంది కానీ గృహప్రవేశం రోజు అందరూ అడిగేది ఇదే. కాబట్టి ఇంట్లో కనీసం ఒక నిలువు గోడ, అడ్డంగా, లాఫ్ట్ ఎత్తు దాకా కట్టాలి. దానికి ఒకవైపు బీరువా, టీవీ, దేవుడి గూడు. మరోవైపు బాత్రూమ్. నీళ్ల పైపులన్నీ ఆ ఒక్క గోడలోనే పోతాయి.

వంటిల్లు తెరిచి ఉంచే ప్లాన్ ఫొటోల్లో బాగుంటుంది. మనం ఎండుమిర్చి తాలింపు వేస్తే ఆ ఘాటు తిన్నగా లాఫ్ట్‌లోకి ఎక్కుతుంది, పైన పిల్లలు దగ్గుతూ దిగి వస్తారు. ఆగ్నేయం మూలన వంటిల్లును పైదాకా గోడతో మూసి, దక్షిణం గోడలోంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇవ్వండి. వీలైతే వెనక వరండాలో కట్టెల పొయ్యికి చోటు వదలండి.

మెట్ల గురించి ఎవరూ ముందు ఆలోచించరు. ఎనిమిదిన్నర అడుగుల లాఫ్ట్‌కు సౌకర్యమైన మెట్లు కావాలంటే నేల మీద దాదాపు 11 అడుగుల పొడవు పడుతుంది. వాలు పక్కన పెడితే ఎక్కేవాళ్ల తల కప్పుకు తగులుతుంది. కొప్పు కిందుగా, ఇంటి నడుమ గోడను ఆనుకుని ఎక్కించండి. నిచ్చెన పెడితే చోటు మిగులుతుంది, నిజమే. అమ్మమ్మ ఎప్పటికీ పైకి రాలేదు, అర్ధరాత్రి దిగే పిల్లవాడికి ప్రమాదం.

వాలు కింద మూడు, నాలుగు అడుగుల ఎత్తు మిగిలే చోటు వృథా కాదు. బియ్యం డ్రమ్ములు, పరుపులు, చలికాలపు దుప్పట్లు అన్నీ డ్రాయర్లలో సర్దొచ్చు.

9. వాన నీళ్లు, ఏటా చేసే పని

560 చదరపు అడుగుల నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 5,200 లీటర్లు. అవి నిటారు వాలు మీంచి వేగంగా దిగి మామూలు గట్టర్‌ను దాటి దూకుతాయి. కాబట్టి చూరును రెండు అడుగులు బయటికి తీసి, కింద రెండు అడుగుల వెడల్పు కంకర కాలువ చేసి, దాన్ని ఇంకుడు గుంతకో సంపుకో కలపండి.

ప్రతి ఏడాది మృగశిర కార్తెకు ముందు రేకు స్క్రూలు చూడాలి. రబ్బరు వాషర్ ఎండకు ఎండి పగులుతుంది, అలాంటివి అక్కడికక్కడే మార్చేయాలి. ఎక్కడానికి వీలుగా కొప్పు దగ్గర రెండు స్టీలు కొక్కాలు కట్టేటప్పుడే పెట్టించుకోండి, మనిషి నడుముకు తాడు కట్టుకోకుండా ఈ వాలు ఎక్కకూడదు.

మొదటి గట్టి వాన పడుతుండగానే టార్చ్ పట్టుకుని లాఫ్ట్‌లోకి వెళ్లి కొప్పు వెంట, డార్మర్ చుట్టూ అరచేత్తో తడిమి చూడండి. తడి తగిలిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. వాన తగ్గాక పైన వెతికేటప్పుడు ఆ గీతకు రెండు మూడు అడుగులు ఎగువన చూడాలి, ఎందుకంటే నీళ్లు పొరల మధ్య వాలు వెంట జారి, దిగినచోట కాకుండా ఆగినచోట కారతాయి.